కడుపులో ప్రభుత్వ ఆస్తి

మా శాఖలో కడుపులో పుండు లేనివాడికి ప్రమోషన్ లేదు. ఈ మాట బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. నవ్వేవాళ్లకు సర్కారు నౌకరీ చేసిన అనుభవం ఉండదు. ప్రతి నియమానికీ ఒక కారణం ఉంటుంది, మా నియమానికి మరీ గట్టి కారణం ఉంది.

మాది రేవులు, బల్లకట్టుల శాఖ. గోదావరి మీద ఏ రేవు నుంచి ఏ బల్లకట్టు ఎప్పుడు కదలాలి, దాని మీదికి ఎన్ని గేదెలు ఎక్కవచ్చు, గేదెకూ మనిషికీ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్నవి నిర్ణయించడం మా పని. తర్వాత వంతెనలొచ్చాయి. ఒక్కో వంతెన లేచినప్పుడల్లా ఒక్కో బల్లకట్టు ఒడ్డుకెక్కింది. ఆఖరిది మా ఆఫీసు ఆవరణలోనే బోర్లా పడి ఉంది, దాని నీడన మోటారు సైకిళ్లు పెట్టుకుంటాం. బల్లకట్లు పోయినంత మాత్రాన శాఖ పోతుందా? పెళ్లి తప్పిపోయినా భోజనాలు ఆగవు కదా. పైగా ఈ మధ్య కొత్తగా రెండు సెక్షన్లు కూడా తెరిచారు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎవరు బాగా పనిచేస్తున్నారో తేల్చడం ఎలా? పనిని కొలవాలంటే ముందు పని ఉండాలి. ఈ చిక్కుముడిని విప్పిన మహానుభావుడు మా కమిషనర్ శరభేశ్వరరావు గారు. ఆయనకు ఏళ్ల తరబడి కడుపులో మంట. గొట్టం వేసి చూస్తే పుండు కనపడింది. శాఖ గురించి పగలూ రాత్రీ చింతించడం వల్లే తనకు పుండు పడిందని ఆయన నమ్మకం. కమిషనర్ గారి నమ్మకం కాబట్టి అది సాయంత్రానికి మా అందరి నమ్మకం అయింది, మర్నాటికి ఉత్తర్వు అయింది.

"కర్తవ్యచింత ఉదరమందు వ్రణరూపమున ప్రకటితమగునని అనుభవపూర్వకముగా నిర్ధారణ అయినందున, ఇకమీదట పదోన్నతుల నిమిత్తము ఉదరవ్రణమును కార్యదక్షతకు ప్రమాణముగా పరిగణింపవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది. గ్యాస్ట్రైటిస్ మాత్రమే కలవారు నిరాశ చెందనక్కరలేదు. వారు తదుపరి సంవత్సరమునకు పరిశీలింపబడుదురు."

ఆ రోజు నుంచి ఆఫీసులో కొత్త ఉత్సాహం వచ్చింది. పరగడుపునే మిరపకాయ బజ్జీలు తినేవాళ్లు కొందరు, ఖాళీ కడుపు మీద టీ మీద టీ తాగేవాళ్లు కొందరు. పుండు పడ్డవాళ్లు తమ కడుపు ఫొటోని ఫ్రేము కట్టించి సీటు వెనకాల గోడకు తగిలించుకునేవారు. పడనివాళ్లు ఆ ఫొటోలను చూసి కుమిలిపోయేవారు.

మా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పుళ్లు ఎక్కువ. శాఖ బరువంతా మా మీదే ఉంది కాబట్టి ఎక్కువని మేం గర్వపడేవాళ్లం. మా సెక్షన్లో ఆకొండి యజ్ఞనారాయణ గారని సీనియర్ అసిస్టెంటు ఉండేవారు. నాకు పని నేర్పిన మనిషి. పనిలేని చోట పని నేర్పడం మాటలు కాదు. ఆయనకు జీవితంలో కోరిక ఒక్కటే, చేతులున్న కుర్చీ. మా ఆఫీసులో గుమస్తాలకు చేతుల్లేని కుర్చీలు, సూపరింటెండెంటుకు చేతులున్న కుర్చీ. పాపం ఆయన సర్వీసంతా మోచేతులు ఆనించుకునే చోటులేక చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు.

ఒకనాడు ఆయనకి పొట్ట పైభాగాన మంట మొదలైంది. అన్నం ముట్టుకుంటే నొప్పి, ముట్టుకోకపోతే ఇంకా నొప్పి. గొట్టం వేసి చూసి పుండేనన్నారు. ఇంట్లో వాళ్లావిడ సీతారావమ్మగారు దేవుడి ముందు కూర్చుని ఏడ్చారట. ఆఫీసులో మేం పూతరేకులు పంచుకున్నాం. వారం తిరక్కుండా చేతులున్న కుర్చీ వచ్చింది.

అయితే అది ఖాయమైన కుర్చీ కాదు. ఏడాది గడిచాక మళ్లీ గొట్టం వేసి చూస్తారు. పుండు అలాగే ఉంటే కుర్చీ ఖాయం, మానిపోతే మళ్లీ చేతుల్లేని కుర్చీయే. అందుకని యజ్ఞనారాయణ గారు ఆ పుండును కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చారు. ఒకప్పుడు సీతారావమ్మగారు ఆవ పెట్టి చేసిన పనసపొట్టు కూర క్యారియర్‌లో వస్తే మూత తీయకముందే సెక్షనంతా ఆయన బల్ల చుట్టూ మూగేది. ఇప్పుడు ఆయన క్యారియర్‌లో మెత్తగా పిసికిన మజ్జిగన్నం వస్తోంది. దాని చుట్టూ ఎవరూ మూగటం లేదు.

ఇక్కడ మా గ్లాసు సంగతి కూడా చెప్పాలి. మా సెక్షన్లో ఒక వెండి గ్లాసు ఉంది. తెల్లదొరల కాలంలో రేవుల దొర ఒకాయన వెళ్లిపోతూ తను తాగిన గ్లాసును హెడ్ గుమస్తాకు బహూకరించాడట. దాని మీద రాణీగారి ముఖం చెక్కి ఉంటుంది. దొరగారు ఇచ్చిన గ్లాసుని ఎత్తిపోసుకుని తాగితే దొరగారిని ఎంగిలి మనిషి అన్నట్టు అవుతుందని, అప్పటినుంచి మా సెక్షన్‌లో అందరూ దాన్ని కరుచుకునే తాగాలన్నది ఆచారం. ఇంటి దగ్గర మడి కట్టుకునే యజ్ఞనారాయణ గారు కూడా సెక్షన్‌లోకి వచ్చాక కరుచుకునే తాగారు. ఆ గ్లాసును తోమరు. తోమితే రాణీగారి ముక్కు అరిగిపోతుందని కూజాలో నీళ్లతోనే అటూ ఇటూ తిప్పి పారబోస్తారు. ఒకరు తాగాక ఇంకొకరు, అలా వంద సంవత్సరాల నుంచి నడుస్తోంది.

ఇలా సవ్యంగా సాగుతున్న కాలంలో మా ఆఫీసు డిస్పెన్సరీకి డాక్టర్ మెహరున్నీసా గారు వచ్చారు. బల్లకట్టు మీంచి నీళ్లలో పడినవాళ్ల కోసం పెట్టిన డిస్పెన్సరీ అది. పడేవాళ్లు లేక జలుబులకు మందిస్తున్నారు. ఆవిడ వయసులో చిన్నది, పుస్తకాలు చదివే మనిషి. వచ్చిన కొద్ది రోజులకే యజ్ఞనారాయణ గారిని పెద్దాసుపత్రికి పంపి, ఏదో తాగించి, ఒక సంచిలోకి ఊదించి, ఆ ఫలితాన్ని పట్టుకుని ఆయన్ను పిలిపించారు. ఆయనకు తోడుగా నేనూ వెళ్లాను.

"మీ పుండు పని ఒత్తిడి వల్ల వచ్చింది కాదండీ," అన్నారు డాక్టరమ్మ. "మీ కడుపులో ఒక క్రిమి ఉంది. హెచ్. పైలోరీ అంటారు. కడుపు లోపలి పొరలో కాపురం పెట్టి వాపు తెస్తుంది. ఆ వాచిన చోట ఆమ్లం తగిలి పుండవుతుంది."

యజ్ఞనారాయణ గారి ముఖం కందగడ్డ అయింది. "అంటే నేను పని చెయ్యలేదనాండీ మీ ఉద్దేశం?"

"నేనలా అనలేదండీ."

"మరి పుండు క్రిమి చేసిందంటున్నారు. ఇన్నేళ్ల నా కష్టం ఎవరో కళ్లకి కనపడని పురుగు ఖాతాలో వేసేస్తున్నారు."

"పోనీ మీరే చేశారు అనుకుందాం. మందు మాత్రం క్రిమికే వెయ్యాలి. రెండు రకాల యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మాత్ర ఇంకోటి. రెండు వారాలు మానకుండా వేసుకోవాలి. క్రిమి పోతే పుండు మానుతుంది."

"పూర్తిగానాండీ?"

"చాలామందికి పూర్తిగానే మానుతుంది."

"మళ్లీ రాదా?"

"మళ్లీ రావడం చాలా తక్కువండీ."

"అదేనండీ నా భయం," అని యజ్ఞనారాయణ గారు లేచి, మందుచీటీ బల్ల మీదే వదిలేసి బయటికి నడిచారు.

డాక్టరమ్మకి శాఖ కొత్త. ఆఫీసులో ఇంతమందికి ఉన్న బాధకు కారణం దొరికిందని కమిషనర్ గారికి చెబితే సంతోషిస్తారు అనుకుంది. చెప్పేసింది. అంతేకాదు, ఈ క్రిమి మురికి నీళ్ల వల్ల, ఒకరి నోటినుంచి ఒకరికి కూడా రావచ్చు, కచ్చితంగా ఇలాగే అని చెప్పలేం గానీ ముందు ఆ గ్లాసును శుభ్రంగా తోమించండి అని కూడా చెప్పింది.

మర్నాడే సమావేశం. చర్చను రాసుకోవడానికి నన్ను కూర్చోబెట్టారు. నా పేరు కుడుపూడి ధనరాజు, జూనియర్ అసిస్టెంటుని. నా కడుపు శుభ్రంగా ఉంది, అందువల్ల నేను ఆ హోదాలోనే ఉండిపోయాను.

కమిషనర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన నోట ఉత్తర్వుల భాష తప్ప మరోటి రాదు. "ఈ క్రిమి అనబడునది మన శాఖలో ఏ హోదాలో, ఎవరి అనుమతితో, ఏ తేదీన ప్రవేశించినట్లు? ప్రభుత్వోద్యోగి ఉదరము ప్రభుత్వ ఆవరణలో భాగము. అందు నివసించుటకు కేటాయింపు ఉత్తర్వు ఉన్నదా?"

"సార్, అది బాక్టీరియా," అన్నారు డాక్టరమ్మ.

"ఏదైనను కావచ్చు. ముందు సంజాయిషీ కోరండి."

"దేన్ని సార్?"

"క్రిమిని."

సంజాయిషీ నోటీసు యజ్ఞనారాయణ గారి ద్వారా పంపారు. ఆయన దాన్ని పొట్ట దగ్గర పెట్టుకుని గట్టిగా చదివి, అందినట్టు సంతకం పెట్టారు. గడువు దాటినా జవాబు రాలేదు. మౌనం అర్ధాంగీకారం అని క్రిమి తన నివాసాన్ని ఒప్పుకున్నట్టుగా నమోదైంది. ఆ పైన ఒక కమిటీ వేశారు. కమిటీ నివేదికను కమిషనర్ గారే చదివి వినిపించారు.

"ఉదరవ్రణము కలవారు కార్యదక్షులు. ఇది శాఖ తేల్చిన సత్యము. వ్రణమునకు కారణము క్రిమి. ఇది వైద్యశాస్త్రము తేల్చిన సత్యము. రెండు సత్యములను కలిపి పరిశీలించినచో, కార్యదక్షతకు కారణము క్రిమియే అని విదితమగుచున్నది. మా సర్వీసులో శాస్త్రమూ శాఖయూ ఏకీభవించుట ఇదే ప్రథమము." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, తర్వాత 'చప్పట్లు' అని రాసుకున్నాను.

డాక్టరమ్మ లేచి నిలబడింది. "సార్, దయచేసి వినండి. ఈ క్రిమి చాలామంది కడుపుల్లో ఉంటుంది, ఎక్కువమందికి ఏమీ కాదు. కొందరికి వాపు, కొందరికి పుండు. ఏళ్ల తరబడి వదిలేస్తే ఎక్కడో ఒకరికి అంతకన్నా పెద్ద జబ్బే రావచ్చు."

"ఎక్కువమందిలో ఉండియు ఏమియూ చేయకుండుట అన్న లక్షణమును బట్టియే అది మన శాఖకు చెందినదని రుజువగుచున్నది, కూర్చోండి," అన్నారు కమిషనర్ గారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. క్రిమిని ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించారు. ఆ ఆస్తిని రాతపూర్వక అనుమతి లేకుండా మాత్రలతో గాని, కషాయాలతో గాని, నాటు వైద్యంతో గాని ధ్వంసం చేసినవారు పదవీచ్యుతులవుతారు. సంచిలోకి ఊది మరీ క్రిమి ఉందని రుజువు చేసుకున్న మొదటి ఉద్యోగి యజ్ఞనారాయణ గారు కాబట్టి ఆయన కడుపు మూల క్రిమి నిలయం. ఆయన కుర్చీ వెనక ఆ మాటలతో పచ్చ రంగు బోర్డు తగిలించారు. ఆయన మోచేతులు రెండూ కుర్చీ చేతుల మీద ఆనించి, బోర్డు కింద ఫొటో దిగారు.

ఉద్యోగుల సంఘం ఊరుకుంటుందా? బోర్లా పడిన బల్లకట్టు కింద ధర్నాకు కూర్చుంది. "ఒక్క సెక్షనుకేనా క్రిమి? కావాలి కావాలి, అందరికీ క్రిమి కావాలి!" అన్నది నినాదం. వాళ్ల కోరిక న్యాయమైనదని కమిషనర్ గారు ఒప్పుకున్నారు. ఇకమీదట దొరగారి గ్లాసు ఒక్క మా సెక్షనుది కాదు, శాఖ అంతటిదీ. రోజూ పొద్దున్నే యజ్ఞనారాయణ గారు మొదటి గుక్క కరుచుకుని తాగుతారు. ఆ తర్వాత సీనియారిటీ ప్రకారం అందరూ. నన్ను గ్లాసు సంరక్షకుడిగా నియమించారు. ఆఫీసులో ఉన్న మిగతా గ్లాసులన్నీ నా చేతనే అటకెక్కించారు.

కష్టం ఎక్కడొచ్చిందంటే, మనవాళ్లకు ఎత్తిపోసుకుని తాగడం పుట్టుకతో వచ్చిన అలవాటు. గ్లాసు చేతికి రాగానే చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక కరుచుకుని తాగడంలో శిక్షణ తరగతులు పెట్టారు. డిస్పాచ్ గుమస్తా ఒకాయన తరగతులన్నిటికీ హాజరై, ప్రథమ శ్రేణిలో నెగ్గి కూడా, తీరా గ్లాసు అందుకోగానే ఎత్తిపోసుకున్నాడు. వెంటనే మెమో వచ్చింది. "సదరు ఉద్యోగి ప్రభుత్వ గ్లాసునకును తన పెదవులకును నడుమ అనుచిత దూరము పాటించినట్లు తెలియవచ్చినది." ఆయన రాసిచ్చిన క్షమాపణ నా దగ్గరే ఉంది.

ఇదంతా జరుగుతుండగా యజ్ఞనారాయణ గారు చిక్కిపోతున్నారు. చొక్కా కాలరులో మెడ వదులైంది. నాకు చూడబుద్ధి కాలేదు. "ఒకసారి డాక్టరమ్మ దగ్గరకెళ్దామండీ," అంటే, "ఏడాది నిండడానికి ఇంకెంతో లేదోయ్, ఓపిక పట్టు," అనేవారు, ఓపిక పట్టాల్సింది నేనే అయినట్టు.

ఒక సోమవారం పొద్దున్న మొదటి గుక్క తాగడానికి గ్లాసు అందించాను. ఆయన అందుకోలేదు. రెండు చేతులతో కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని ఉన్నారు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "ధనరాజూ, కళ్లు తిరుగుతున్నాయోయ్," అన్నారు. అంటూనే వాంతి చేసుకున్నారు. కాఫీ పొడి కలిపిన నీళ్లలా నల్లగా ఉంది. విరేచనం కూడా కొన్నాళ్లుగా తారులా నల్లగా అవుతోందట. అది కుర్చీ ఖాయం కావడానికి మంచి లక్షణం అనుకుని ఎవరికీ చెప్పలేదట. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. పుండులోంచి రక్తం పోతోందని చెప్పి, తన కారులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. వెనక సీట్లో ఆయన తల నా ఒళ్లో ఉంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు, గొట్టం వేసి రక్తస్రావం ఆపారు. ఆయన కళ్లు తెరిచారు. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "ఈసారి గండం గడిచింది. క్రిమి అలాగే ఉంటే పుండు మళ్లీ తిరగబెడుతుంది. మళ్లీ రక్తం పోతే ఏమవుతుందో నేను చెప్పలేను. మాత్రలు మొదలుపెడదాం," అంది.

యజ్ఞనారాయణ గారు నీరసంగా తల అడ్డంగా ఊపారు. "రాతపూర్వక అనుమతి లేనిదే నేను మాత్ర మింగనండీ. సర్వీసులో ఒక్క మెమో కూడా లేనివాడిని. ఆఖర్న ప్రభుత్వ ఆస్తి పాడుచేశాడన్న మచ్చ నాకొద్దు."

సీతారావమ్మగారు అప్పటిదాకా ఆయన కాళ్లు పట్టుకుని కూర్చున్నారు. చివాలున లేచారు. "ఏవిటండీ మీరనేది? బతకడానిక్కూడా అనుమతేవిటండీ? ఆ కుర్చీకి చేతులున్నాయి, నిజవే. రేపు మీకేవన్నా అయితే అవి నా కన్నీళ్లు తుడుస్తాయిటండీ?"

"రూలు సీతా," అన్నారాయన కళ్లు మూసుకుని.

అనుమతి కోసం నేనే ఫైలు పెట్టాను. అది న్యాయ విభాగానికి వెళ్లింది. ప్రభుత్వ ఆస్తిని తొలగించాలంటే ముందు అది నిరుపయోగమైనదని ధ్రువీకరించాలి, తర్వాత లెక్కించాలి, ఆ తర్వాత పంచనామా చేసి బహిరంగ వేలం వేయాలి, వేలంలో ఎవరూ పాడుకోకపోతేనే ధ్వంసం చేయవచ్చు అని వాళ్లు రాశారు. లెక్కించడానికి మనిషి కావాలని ఫైలు మళ్లీ మా సెక్షనుకే వచ్చింది. లెక్కల మనిషి యజ్ఞనారాయణ గారే. ఆయన సెలవులో ఉన్నారు కాబట్టి, ఆయన తిరిగి విధుల్లో చేరేవరకు ఫైలును పక్కన పెట్టవలసిందని రాశారు.

ఈ సంగతి ఆసుపత్రికి వెళ్లి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. సీతారావమ్మగారు ఏడుస్తారనుకున్నాను. ఆవిడ ఏడవలేదు. "మీ కమిషనర్ గారికి కూడా పుండుందన్నారు కదూ ధనరాజు గారూ?" అని అడిగారు.

"ఆయ్, ఉందండీ అక్కయ్యగారూ. మా అందరికన్నా ముందు ఆయనకే పడిందండీ."

"అయితే పదండి," అని చెప్పులేసుకున్నారు.

కమిషనర్ గారి గదిలో ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడే మాట్లాడారు. "నేను మా ఆయన గురించి అడగడానికి రాలేదండీ. మీ పరువు గురించి వచ్చాను."

కమిషనర్ గారు తలెత్తారు.

"మా ఆయన సూపరింటెండెంటండీ. అదీ ఖాయమవలేదు. మీరేమో ఇంత శాఖకి కమిషనర్లు. పుండు ముందు పడింది మీకు, పెద్దది మీది. అలాంటిది, మూల క్రిమి మా ఆయన కడుపులో ఉందని పచ్చ బోర్డు కట్టారు. కింది ఉద్యోగి తాగిన నీళ్లు పై ఉద్యోగులు తాగుతున్నారు. చూసినవాళ్లు ఏవనుకుంటారండీ? నాకే సిగ్గుగా ఉంది."

కమిషనర్ గారు నా వైపు తిరిగారు. "ఈ అంశము ఇంతవరకూ మా దృష్టికి ఎందుకు తీసుకురాబడలేదు?"

"పొరపాటయిందండీ," అన్నాను. మా శాఖలో అన్ని ప్రశ్నలకూ అదే జవాబు.

వెంటనే ఉత్తర్వు చెప్పి రాయించారు. మూల క్రిమి నిలయ హోదాను కమిషనర్ వారి ఉదరానికి బదిలీ చేయడమైనది. సూపరింటెండెంటు వారి క్రిమి సాధారణ క్రిమిగా ప్రకటింపబడినది. ఇకపై దాని మంచిచెడ్డలు వారి ఇష్టము. "సంతకం కూడా చేసి ఇప్పించండి, ఆయన సంతకం లేనిదే నమ్మరు," అన్నారు సీతారావమ్మగారు. సంతకమైంది, ముద్ర పడింది. నేను ఆ కాగితం పట్టుకుని మెట్లన్నీ దూకుతూ దిగాను.

యజ్ఞనారాయణ గారు మంచం మీద లేచి కూర్చుని ఉత్తర్వును రెండుసార్లు చదివారు. తేదీ చూశారు, ముద్ర చూశారు, నకలు ఎవరెవరికి వెళ్లిందో చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకున్నాక చెయ్యి చాపి మొదటి మాత్ర పుచ్చుకున్నారు. ఆయన గొంతు కదలడం చూశాక సీతారావమ్మగారు గోడవైపు తిరిగి అప్పుడు ఏడ్చారు.

ఇక్కడ ఆఫీసులో కమిషనర్ గారు ఊదే ఉత్సవానికి షామియానా వేశారు. సన్నాయి పెట్టించారు. సంచిలోకి ఊదడానికి మంచి ముహూర్తం చూశారు. ఆయన బుగ్గలు పొంగించి ఊదుతుంటే సంఘంవాళ్లు పూలు చల్లారు. డాక్టరమ్మ సంచి మూతి బిగించి తీసుకెళ్లింది.

ఫలితం వచ్చింది. క్రిమి లేదు.

సంచి తప్పై ఉంటుందని మళ్లీ ఊదారు. లేదు. చివరికి గొట్టం వేసి, పుండు పక్కనుంచి చిన్న ముక్క తీసి చూశారు. పుండు ఉంది, క్రిమి లేదు. డాక్టరమ్మ ఆ కాగితాలు ముందు పెట్టుకుని చాలా మర్యాదగా అడిగింది. "సార్, మీరు నొప్పి మాత్రలు ఏమన్నా వాడుతుంటారా?"

"మోకాళ్ల నిమిత్తము," అన్నారు కమిషనర్ గారు. "బహుకాలముగా. దినదినమూ."

"అయితే మీ పుండు వాటి వల్ల వచ్చిందండీ. క్రిమి వల్ల కాదు, శాఖ గురించిన చింత వల్ల కూడా కాదు. ఆ మాత్రలు ఆపేస్తే మానుతుంది."

నేను రాసుకోవడం ఆపేశాను. ఎందుకంటే కార్యదక్షతకు కారణం క్రిమి అన్న ఉత్తర్వు గోడకు వేలాడుతోంది, దాని ప్రకారం శాఖ మొత్తానికి కార్యదక్షత బొత్తిగా లేని మనిషి ఎవరో ఇప్పుడు ఆసుపత్రి ముద్రతో సహా తేలిపోయింది. సన్నాయి వాయించేవాళ్లకు ఎవరూ ఆపమని చెప్పకపోవడంతో వాళ్లు ఉత్సవం నాటి నుంచీ బయట వాయిస్తూనే ఉన్నారు.

గొప్పవాళ్లకూ మనకూ తేడా అక్కడే. మనమైతే కుంగిపోతాం. కమిషనర్ గారు మర్నాడు పొద్దున్నే కొత్త ఉత్తర్వు ఇచ్చారు. "ఉదరము వంచనాపరమని తేలినందున, ఇకమీదట మోకాళ్ల నొప్పియే కర్తవ్యనిష్ఠకు ప్రమాణమని ఇందుమూలముగా ఆదేశించడమైనది. శాఖ బరువు మోసిన మోకాలు నొచ్చక మానదు."

మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా కుంటుతోంది. ఊతకర్రలు వచ్చాయి. కడుపు ఫొటోలున్న ఫ్రేముల్లో మోకాళ్ల ఎక్స్‌రేలు బిగించారు. లిఫ్టు మూసేశారు, అందరికీ సమాన అవకాశం ఉండాలని. క్రిమి కావాలని ధర్నా చేసిన సంఘంవాళ్లు ఒక కాలి మీద నిలబడి ధర్నా చేశారు. గ్లాసు సంగతి అందరూ మరిచిపోయారు. దాన్ని రద్దు చేసే ఉత్తర్వు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అది నా బల్ల మీదే ఉండిపోయింది, మిగతా గ్లాసులు అటక మీదే ఉండిపోయాయి.

మాత్రలు పూర్తయి, మళ్లీ నెల పైగా ఆగి సంచిలోకి ఊది, క్రిమి లేదనిపించుకున్నాక యజ్ఞనారాయణ గారు విధుల్లో చేరారు. ఒళ్లు చేసింది, ముఖంలో రంగు తిరిగింది. చేతిలో క్యారియర్‌తో మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకొచ్చారు. దారిలో కుంటుతూ పోతున్నవాళ్లు ఆయన్ని అయ్యో పాపం అన్నట్టు చూశారు.

ఆయన కుర్చీలో కూర్చుని మోచేతులు ఆనించారో లేదో మెమో వచ్చింది. "సదరు సూపరింటెండెంటు కార్యాలయపు మెట్లను కుంటకయే, అనాయాసముగా ఎక్కినట్లు తెలియవచ్చినది. చేతులు గల కుర్చీకి తమ అర్హతను గూర్చి నేటి సాయంత్రములోగా సంజాయిషీ సమర్పించవలెను."

ఆయన సర్వీసులో మొదటి మెమో అది. సెక్షనువాళ్లందరూ చుట్టూ చేరారు. "కాస్త కుంటండి సార్, పోయేదేవుంది?" అన్నారు. ఒకరు తమ ఊతకర్ర కూడా ఇవ్వబోయారు. ఈ మనిషి రూలు అంటే ప్రాణం ఇవ్వబోయిన మనిషి. మోకాలు ఒక లెక్కా?

యజ్ఞనారాయణ గారు మెమో చదివారు. కుర్చీ చేతుల్ని ఒకసారి నిమిరారు. కమిషనర్ గారి గదివైపు చూశారు. తర్వాత వంగి క్యారియర్ మూత తీశారు. ఆవ ఘాటు గదంతా కమ్మేసింది. పనసపొట్టు కూర.

"ముందు అన్నం తిందామోయ్," అన్నారు.

తినబోయే ముందు లేచి నిలబడి, ఆ చేతులున్న కుర్చీని రెండు చేతులా పైకెత్తి, కుంటకుండా నడుచుకుంటూ వెళ్లి కమిషనర్ గారి గుమ్మం పక్కన పెట్టి వచ్చారు. మూలన ఉన్న తన పాత చేతుల్లేని కుర్చీ లాక్కుని, కూర పెద్ద ముద్దగా కలుపుకుని తిన్నారు. మాకూ తలో ముద్ద పెట్టారు. ఊతకర్రలు గోడకు ఆనించి అందరూ నిలబడి తిన్నారు.

"ధనరాజూ, మంచినీళ్లు," అన్నారు.

వేరే గ్లాసు లేదు. దొరగారి గ్లాసులోనే పోసి ఇచ్చాను. ఆయన దాన్ని ఒకసారి తిప్పి రాణీగారి ముఖం చూశారు. తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, నీళ్లు గడగడా గొంతులో పోసుకున్నారు. గ్లాసుకూ పెదవికీ మధ్య జానెడు అనుచిత దూరం ఉంది. ఒక్క చుక్క చొక్కా మీద పడలేదు.

గ్లాసు సంరక్షకుడిగా ఆ సంగతి నేను పైకి రాయాలి. రాయలేదు. క్యాంటీన్‌కి వెళ్లి ఇంత చింతపండు అడిగి తెచ్చి ఆ గ్లాసును బాగా తోమాను. రాణీగారి ముక్కు కాస్త అరిగింది. తర్వాత నేనూ నీళ్లు పోసుకుని ఎత్తి తాగాను. అలవాటు తప్పడంతో సగం చొక్కా మీదే పోయాయి.